పగడం మీద వల

సముద్రం వేడెక్కి, పగడపు దిబ్బలు చచ్చి, వాటిలో బతికే చేపలు పోయాక, మళ్లీ దిబ్బలు వేయడానికి ఒడ్డునున్న ప్రతి ఇంటికీ గాజుతొట్టెలో పెంచమని ఒక పగడం పిలక ఇచ్చారు. అది చస్తే ఇంకొకటి ఇవ్వరు.

నూకరత్నం తొట్టె మీద కొత్త దీపం బిగించింది. మధ్యాహ్నానికల్లా పగడం బయటికి చాచే చిటికెనవేళ్లలాంటి మొనలన్నీ లోపలికి ముడుచుకుని, అంచులు తెల్లబడ్డాయి.

"కాస్త తగ్గించమ్మా," అన్నాడు మామ పోలయ్య.

"దీనికి తగ్గించే మీట లేదు మావయ్యా. గుడ్డ కప్పితే చీకటైపోద్ది. వలముక్కలు పొరలుగా కట్టి, వెలుగు అలవాటయ్యే కొద్దీ ఒక్కొక్కటే తీసుకుంటూ పోతే..." అని ఆగిపోయింది.

ఇంట్లో ఉన్నది ఒక్కటే వల. చేపలు తిరిగొస్తాయని ఆయన దాచుకున్నది.

పోలయ్య అటక మీంచి వల దించి, కత్తి అందించాడు. "కొయ్యి. ఇది బతికితేనే గదా నాకు వలతో పని."

ఇన్నేళ్లకు ఆ వల నీడ మళ్లీ నీళ్ల మీద పడింది. ఇద్దరూ తొట్టె ముందే కూర్చున్నారు. పొద్దువాలే వేళకు పగడంలోంచి ఒక చిన్న వేలు మెల్లగా బయటికొచ్చింది.

వల దగ్గరికి చేప వచ్చినప్పటిలా పోలయ్య గొంతు తగ్గించాడు. "కదలకు."