కుళాయి వార్త

విలేకరిగా జుట్టు నెరిశాక హైమావతి తన ఊళ్ళోనే వార్డు కౌన్సిలరైంది. అప్పటికి పేపర్లు పోయాయి. ప్రతి ఇంట్లోనూ గోడే వార్తలు చదివేది. ఇంటివాళ్ళ మనసెరిగి, వాళ్ళకు నచ్చేవే చదివేది.

వార్డులో కుళాయిలు ఎండిపోయినా ఒక్కరూ ఫిర్యాదు చెయ్యలేదు. హైమావతికి అనుమానమొచ్చి పక్కింటి సింహాద్రమ్మను అడిగింది.

"నీళ్ళొస్తున్నాయా పిన్నీ?"

"పుష్కలంగా వస్తున్నాయని పొద్దున్నే గోడ చెప్పిందమ్మా."

"మరి బిందె?"

"ఖాళీయే. వార్త మాత్రం చల్లగా ఉంది!"

ఒళ్ళు మండి హైమావతి పంపుహౌసుకి వెళ్ళింది. అక్కడ ఇంజనీరు భద్రయ్య గోడ ముందు కూర్చుని టీ తాగుతున్నాడు.

"మోటారు భేషుగ్గా తిరుగుతోందట మేడం!"

ఆమె అతని చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి లాక్కెళ్ళింది. మోటారు కాలిపోయి పడుంది. భద్రయ్య సాయంత్రానికల్లా కొత్త మోటారు బిగించాడు.

దీపాలు పెట్టే వేళకు సింహాద్రమ్మ వీధిలోకొచ్చి, "విన్నావా? నావల్లే నీళ్ళొచ్చాయట!" అని మురిసిపోయింది. ప్రతి గోడా ఆ ఘనత తన ఇంటివాళ్ళకే కట్టబెట్టింది.

"హైమావతిగారి కృషితో వార్డుకి నీళ్ళు" అని హైమావతి ఇంటి గోడ కూడా చదివింది. ఇన్నాళ్ళకి పాపం ఒక్క నిజం చెప్పింది. అయినా హైమావతి లేచి వెళ్ళి, కుళాయి తిప్పి చూసుకుంది.