సాయంత్రం పడిపోయే వేగం

“పగలు గుర్రం, సాయంత్రం నత్త. ఏమిటీ మనిషి?” అంది ఫిజియోథెరపిస్టు, కంప్యూటరు తెర మీది గీతను చూస్తూ.

తుంటి ఆపరేషను చేయించుకున్న ఓ పెద్దాయన నడుముకు అగ్గిపెట్టెంత సెన్సరు కట్టి పంపారు. ఆయన ఎక్కడ ఎంత వేగంగా నడిచినా ఆ లెక్క ఇక్కడికి వచ్చేస్తుంది. పగలంతా గీత బాగానే ఉంటోంది. సాయంత్రం షికారు వేళకు మాత్రం చతికిలబడుతోంది.

“కీలు పట్టేస్తోందేమో. ఇలాగే ఉంటే మళ్ళీ ఆపరేషను చెయ్యక తప్పదు,” అన్నాడు సర్జను.

ఆమెకు మనసొప్పలేదు. పొద్దున లేని పట్టు సాయంత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది? అదేదో కళ్ళారా చూద్దామని ఆ రోజే వాళ్ళింటికి వెళ్ళింది.

పెద్దాయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. చకచకా వచ్చి తలుపు తీశాడు. ఆయన భార్య కూడా చెప్పులేసుకుంది. ముగ్గురూ పార్కు వైపు బయల్దేరారు. వీధిలోకి వచ్చారో లేదో, ఆయనవి పెళ్ళి నడకలైపోయాయి.

“నొప్పిగా ఉందా?”

“అబ్బే.”

“ఆయాసమా?”

“లేదమ్మా. ఇప్పుడేం రైలు తప్పిపోతోందని?”

పార్కు గేటు దగ్గర భార్యకు తెలిసినావిడ కనబడితే మాటల్లో పడింది. అదే అదనుగా ఫిజియోథెరపిస్టు ఆయన్ని పక్కకు పిలిచింది.

“దాచకుండా చెప్పండి. మీకు మళ్ళీ ఆపరేషను చెయ్యాలంటున్నారు.”

పెద్దాయన ముఖం పాలిపోయింది. భార్య వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

“నా తుంటికేం, గుండ్రాయిలా ఉందమ్మా. పాడైంది మా ఆవిడ మోకాలు. కుంటుతోంది, చూశావుగా? అడిగితే ఒప్పుకోదు. నేను ముందు వెళ్ళిపోతే అవస్థ పడుతూ వెంటబడుతుంది. అందుకే బండి ఫస్టు గేర్లో పెట్టాను. ఆవిడతో అనకు, చిన్నబుచ్చుకుంటుంది.”

ఫిజియోథెరపిస్టుకు గుండె మీది బరువు దిగింది. ఆపరేషను అక్కర్లేదని అక్కడికక్కడే సర్జనుకు ఫోను చేసి చెప్పింది. పెద్దాయన కుదుటపడి బెంచీ మీద కూర్చున్నాడు.

ఇక మిగిలింది రెండో రోగి. మాటలు ముగించుకుని, తనను గేటు దాకా సాగనంపడానికి వచ్చిన భార్యను, పెద్దాయన పేరెత్తకుండా మెల్లగా కదిపింది.

“అమ్మా, మీ నడక చూసి అడుగుతున్నాను. ఆ మోకాలి నొప్పి ఎప్పట్నుంచి?”

ఆవిడ బెంచీ వైపు తొంగి చూసింది. ఆయనకు వినబడదని నమ్మకం కుదిరాక, చెవి దగ్గరకు వంగింది.

“నొప్పీ లేదు పాడూ లేదు, ఆయన దూకుడు తగ్గించడానికే కుంటుతున్నా.”