గూడెంలో ఆఖరి బంతి

"ఫైనలు శనివారం కాదటోయ్, రేపేనట," అన్నారు డ్రిల్లు మాస్టారు దేవసహాయంగారు, టెలిగ్రాం ఇంకా మడత పెట్టకుండానే.

కెప్టెన్ నాగభూషణరావు వేళ్లమీద లెక్క పెట్టుకున్నాడు. శనివారం భీమవరం, సోమవారం గుడివాడ, నిన్న మంగళవారం నరసాపురం. నాలుగు రోజుల్లో మూడు మ్యాచీలు. జట్టులో ఒకడికి మడమ వాచింది, ఇంకొకడికి వేళ్లు బెణికాయి. మిగతావాళ్లు బెంచీ కనిపిస్తే చాలు, నడుం వాలుస్తున్నారు. ఈ తేదీలు రాసిన మహానుభావుడెవరో జన్మలో బాస్కెట్‌బాల్ పట్టుకుని ఎరగడు. ఇప్పుడు గూడెం గ్రౌండులో శనివారం ఏదో మీటింగుందని ఫైనలు ముందుకు జరిపారు. గురువారం సాయంత్రం నాలుగింటికి బందరు కాలేజీతో ఆట.

సరే, కుంటుకుంటూనైనా ఆడతారు. అసలు గొడవ అది కాదు. జోగయ్య ఏలూరులో లేడు.

జోగయ్యది కొల్లేటి లంక. చిన్నప్పటినుంచీ గడకర్రతో దోనె తోసిన చేతులు. మనిషి ఆరడుగుల పైన రెండంగుళాలు. నిన్న జట్టు వేసిన ముప్పై పాయింట్లలో పందొమ్మిది అతనివే. శనివారందాకా తీరికే కదా అని నరసాపురంనుంచి అటే ఇంటికి వెళ్లిపోయాడు. అతను లేకుండా బందరువాళ్లతో ఆడడమంటే కప్పు వాళ్ల చేతికిచ్చి దండం పెట్టి రావడమే. నాగభూషణరావుకి ఇదే ఆఖరి ఏడు. మార్చిలో పరీక్షలు, ఆ తర్వాత నాన్నగారి బట్టల కొట్టు. కాలేజీకి ఇంతవరకు రాని కప్పు తన చేతుల మీదుగా రావాలని మూడేళ్లుగా కలలు కంటున్నాడు.

సైకిలెక్కి చేపల బజారుకి పరుగెత్తాడు. జోగయ్య ఊరివాడు పెద్దింటయ్య రోజూ అక్కడికి చేపల గంపలు తెస్తాడు. అదృష్టం బాగుండి అతను ఖాళీ గంపలతో బండెక్కబోతూ కనిపించాడు.

కబురు చెప్పడంలో ఒక చిక్కుంది. జోగయ్య కాలేజీలో ఆటలాడుతున్న సంగతి ఇంట్లో తెలియదు. తెలిస్తే చదువు మానిపించి వల చేతికిస్తారని అతని భయం. కబురు చెప్పేటప్పుడు ఎవరి చెవినైనా పడుతుందేమో. నాగభూషణరావు క్షణం ఆలోచించాడు. తట్టిన ఉపాయానికి తనే మురిసిపోయాడు.

"పెద్దింటయ్యా, ఆట, మ్యాచీ, ఇవేవీ అనకు. రేపు గూడెంలో ఆఖరి బంతి, జోగయ్య తప్పకుండా రావాలన్నానని చెప్పు. వాడికి అర్థమవుతుంది."

"గూడెంలో ఆఖరి బంతికి రమ్మన్నారు. అంతేనాండి?"

"అంతే. నువ్వే దగ్గరుండి తీసుకురా."

పెద్దింటయ్య అతనికేసి అదోలా చూసి, అలాగేనండి అని బండెక్కాడు. ఆ చూపేమిటో ఆలోచించే తీరిక నాగభూషణరావుకి లేదు.

గురువారం మధ్యాహ్నం రెండింటికే జట్టు గూడెం చేరింది. నాగభూషణరావు గేటు దగ్గరే నిలబడ్డాడు. ఆకివీడు వైపునుంచి వచ్చే బస్సు ఒకటి వచ్చింది, అందులో జోగయ్య లేడు. రెండోది వచ్చింది, లేడు. మాస్టారు బూట్లు కట్టుకోమంటే ఒక కాలికి కట్టుకుని రెండోది మరిచిపోయాడు. అవతల బందరువాళ్లు హాయిగా నవ్వుకుంటూ బంతిని రింగులో వేస్తున్నారు. ఆ చప్పుడు వింటుంటే అతనికి ఒళ్లు మండిపోయింది. తోవలో దోనె ఆగిందేమో, బస్సు చెడిందేమో, వాళ్ల నాన్న పసిగట్టి పట్టుకున్నాడేమో. ఒక్కచోట నిలవలేక గేటుకీ కోర్టుకీ మధ్య పాతికసార్లు తిరిగాడు.

నాలుగయింది. దేవసహాయంగారు అంపైరుని బతిమాలి పది నిమిషాలు అడిగారు. అవీ కరిగిపోతుండగా పెద్దింటయ్య గేట్లోంచి వచ్చాడు. వెనక ఎవరూ లేరు.

"జోగయ్య ఏడీ?"

"రాలేదండి. నేను వెళ్లేసరికి కొల్లేట్లో వల మీదున్నాడండి. వాళ్లమ్మ బుల్లెమ్మకి చెప్పానండి. పొద్దున్నే మళ్లీ వెళితే వాణ్ణి నాకంట పడనివ్వలేదండి."

"ఆట సంగతి చెప్పేశావా?"

"లేదండి, ఒట్టు. మీరు చెప్పిన ముక్కే చెప్పానండి. కాలేజీ బాబుగారు గూడెంలో ఆఖరి బంతికి రమ్మన్నారన్నానండి. అంతే, ఆవిడ మొహం మాడిపోయింది."

అంపైరు ఈల నోట పెట్టుకున్నాడు. మాస్టారు రమ్మని చెయ్యి ఊపుతున్నారు. నాగభూషణరావు పెద్దింటయ్య భుజం పట్టుకుని కుదిపాడు. వాళ్లమ్మ ఏమందో ఉన్నదున్నట్టు చెప్పమన్నాడు.

పెద్దింటయ్య తలపాగా తీసి చేత పట్టుకుని, నేలకేసి చూస్తూ అన్నాడు:

"కోపగించుకోకండి బాబూ, ఆవిడ మాటేనండి ఇది. 'మొన్న ఆయన చెల్లెలి పెళ్లికని పిలిచి, తోటివాళ్లంతా తిని లేచాక మావాడికి ఆఖరి బంతిలో, అదీ పెరట్లో విస్తరేశారు. ఈసారి మొదటి బంతిలో వేస్తామంటేనే పంపుతానని చెప్పు' అందండి."