సరిపోని ఆకుపచ్చ

రోజూ తెల్లారగానే మొగుడు చేతిలో ఏదో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి బతిమాలుతాడట, పెళ్ళాం అడ్డంగా తల ఊపుతుందట, ఆయన మొహం వేలాడేసుకుని పెరటి షెడ్డులోకి పోతాడట. "ఈ వయసులో ఏం అడుగుతున్నాడో మహానుభావుడు!" అని ఎదురింటావిడ టైలరుతో అంది. టైలరు సెలూన్‌లో అన్నాడు. సెలూన్ అతను కత్తెర ఆడిస్తూ ఆ మాట తెచ్చి సరాసరి ఆ మొగుడి చెవిలోనే, అంటే వీధంతా రైలాయన అని పిలిచే మనిషి చెవిలోనే వేశాడు.

"రంగండీ బాబూ, రంగు! కలిసిందా లేదా అని అడుగుతున్నాను!" అని రైలాయన కుర్చీలో ఎగిరిపడ్డాడు. కొంచెంలో చెవి దక్కింది.

"మాకెందుకులెండి," అన్నాడు సెలూన్ అతను. "కలవకపోతే ఎవరికైనా బాధే."

నిజానికి రైలాయన అడిగేది రంగు గురించే. ఆడిట్ ఆఫీసులో జీవితమంతా పరాయివాళ్ళ తప్పులు పట్టి రిటైరైన మనిషి, కొన్నాళ్ళు వంటింట్లో తప్పులు పట్టి, ఇప్పుడు పాత బొమ్మరైళ్ళు బాగుచేయడంలో పడ్డాడు. వంగిన ఇరుసు నిలబెట్టగలడు, చచ్చిన మోటారును బతికించగలడు. రంగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కళ్ళు మోసం చేస్తాయి. ఆకుపచ్చా మట్టిరంగూ ఆయనకు కవలపిల్లల్లా కనబడతాయి. పోయిన ఏడాది సొంత తెలివితో ఓ ఇంజనుకు రంగేసి బొమ్మరైళ్ళ క్లబ్బు ప్రదర్శనకు పట్టుకెళితే, అక్కడి పెద్దాయన భూతద్దం పెట్టి చూసి, "ఏమండీ, ఇది పట్టాల మీద నడిచిందా, పేడలో దొర్లిందా?" అన్నాడు. హాలంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వు రైలాయన చెవుల్లో ఇంకా కూత పెడుతూనే ఉంది. ఈసారి ఆ ముసలాడి నోరు మూయించాలి. ఆయనకున్న కోరికల్లా అదే.

ఈ ఏటి ఇంజను బావమరిది ఏదో పాత సామాన్ల కొట్లోంచి తెచ్చిచ్చాడు. ఒళ్ళంతా వెలిసిపోయి ఉంది. పేరు పలక మరలు విప్పితే మాత్రం, దాని కింద ఎండ మొహం చూడని అసలు ఆకుపచ్చ గోరంత మేర భద్రంగా దొరికింది. దానికి జోడీ కలపాలి. తడి రంగు అబద్ధాలాడుతుంది, ఆరితేగాని నిజం ఒప్పుకోదు. అందుకే రోజుకొక డబ్బా మూత మీద రంగు కలిపి పూసి, ఆరనిచ్చి, పొద్దున్నే ఇంజనూ మూతా పట్టుకుని భార్య ముందు నిలబడతాడు. ఆవిడ నల్లదారాల్లోనే ఏ నలుపు ఏదో చెప్పగల మనిషి.

ఇలా రోజులు గడిచి, చివరికి గడువు ఒక్క రోజుకొచ్చింది. సాయంత్రం బావమరిది కారేసుకుని వస్తాడు, ఇంజనును ప్రదర్శనకు చేర్చాలి. పొద్దున పూత పడితేనే అప్పటికి ముట్టుకునేలా ఆరుతుంది.

"ఇదిగో, ఇటు చూడు. ఈసారి తిరుగులేదు," అన్నాడు రైలాయన.

ఆవిడ గిన్నెలు తోమడం ఆపింది. మూతను కిటికీ వెలుతురుకేసి పట్టింది. కళ్ళు చికిలించింది.

"ఊహూఁ."

"ఊహూఁ ఏమిటే! ఎంత తేడా?"

"నలుపు పిసరంత తగ్గింది."

"నిన్న ఎక్కువైందన్నావు!"

"నిన్న ఎక్కువైంది, ఇవాళ తగ్గింది. నన్నేం చెయ్యమంటారు?"

"కాస్త చూసీచూడనట్టు పోకూడదూ?"

"మళ్ళీ పేడ అనిపించుకుంటారా?"

ఆయన మూత వెనక్కి లాక్కున్నాడు. పోతూ పోతూ, "ఆ కొళాయి అంత తిప్పక్కర్లేదు. సన్నటి ధారకైనా గిన్నె కడగొచ్చు," అన్నాడు.

ఆవిడ కొళాయి కట్టేసింది. "రెండు చుక్కలు పసుప్పచ్చ వేసి చూడండి. వెళ్ళండి, పొద్దెక్కుతోంది."

రెండు చుక్కలు వేసి, పల్చగా పూసి, విసనకర్రతో విసిరి ఆరబెట్టాడు. ఊహూఁ. ఒక చుక్క నీలం వేశాడు. ఊహూఁ. మధ్యాహ్నం ఆవిడే కాఫీ పట్టుకుని షెడ్డుకొచ్చి, రంగు పడ్డ బల్ల మీద కాస్త చోటు చూసి పెట్టి వెళ్ళింది. నా పిచ్చికి ఎంత ఓపిక పడుతోందో ఇల్లాలు అనుకుని రైలాయన కళ్ళు తుడుచుకున్నాడు. ముక్కుకు ఆకుపచ్చ అంటుకుంది. అది కూడా ఆయనకు తెలియలేదు.

సాయంత్రం బావమరిది వచ్చేసరికి ఇంజను బల్ల మీద వెలిసిన ఒంటితో అలాగే ఉంది.

"ఇదేమిటి బావా, ఇంకా బట్టలు కట్టలేదు దీనికి?"

"మీ అక్క ఒప్పుకోలేదు. ఈ ఏడు కూడా పోయినట్టే."

అలమరా నిండా మూతలు. ఆడిట్ బుద్ధి పోక, ఒక్కోదాని వెనకా తేదీ వేసి వరసగా పేర్చాడు రైలాయన. బావమరిది ఊసుపోక మొదటి మూత తీసి, పలక కింది పచ్చకు ఆనించాడు. దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"బావా, ఇది అచ్చం అదే కదా!"

"అది మొట్టమొదట కలిపింది. మీ అక్క కాదంది."

"పుట్టుమచ్చతో సహా కలిసింది! అక్కా, ఒకసారి ఇలా రా!"

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఇది కలిసిందా లేదా?" అన్నాడు తమ్ముడు.

"కలిసింది."

"ఇవాళ కలిసిందా, అప్పుడే కలిసిందా?"

"అప్పుడే."

రైలాయన బ్రష్షు కిందపడింది. "మరి ఇన్నాళ్ళూ తల అడ్డంగా ఎందుకు ఊపావే? ఆ ముసలాడి ముందు తలెత్తుకుని నిలబడాలని ఏడాదంతా చచ్చాను! నీకేం ద్రోహం చేశాను?"

ఆవిడ తమ్ముడి వంక చూసింది. మొగుడి వంక చూసింది.

"కలిసిందంటే మీరు షెడ్డులోంచి ఇంట్లోకొచ్చేస్తారు."