పగటి నిద్ర

పరీక్ష గొట్టంలో మూత్రం కలిపిన నీలం మందు స్పిరిట్ దీపం మీద మరిగి ఇటుకరంగుకు తిరిగింది.

"మల్ల గిదే రంగు! నిజం చెప్పండి, స్టేషన్ల జిలేబీ గిట్ల తింటున్నరా?" మేబెల్ భర్తను నిలదీసింది.

"తీపి ముట్టి ఏడాదాయె. కావాల్నంటే రషీదును అడుగు," అన్నాడు జకర్యా.

సికింద్రాబాద్ స్టేషన్‌లో జకర్యా, రషీద్ ఇద్దరిదీ రైలు పట్టాలు మార్చే పని, నైట్ డ్యూటీ. రజాకార్ల గస్తీ పెరిగినప్పటి నుంచి, ముస్లిం తోడుంటే ఆపరని, డ్యూటీ దిగాక జకర్యాను చిలకలగూడలో ఇంటిదాకా దింపి వెళ్తున్నది రషీదే.

దవాఖానలో డాక్టర్ దేవానందం మేబెల్ చెప్పిందంతా విన్నాడు. "తిండి కాదమ్మా, నిద్ర. పగలు పడుకుంటడా?"

"యాడ పడుకుంటరు? గల్లీల బూట్ల చప్పుడైతే లేచి కూసుంటరు."

"నిద్ర లేకుంటే సూదిమందు సుత సరిగ పనిచెయ్యదు, షుగరు దిగదు. కంటినిండ పడుకోనియ్యి. ఎవ్వరొచ్చినా లేపకు."

మేబెల్ ఆ మాట గట్టిగా పట్టుకుంది. కిటికీలకు దుప్పట్లు కట్టింది. పాలామెను దొడ్డి వైపు నుంచి రమ్మంది. కొన్నాళ్ళకు గొట్టంలో ఆకుపచ్చ కనిపించింది. ఆ తర్వాత నీలం నీలంగానే నిలిచింది. దాన్ని వెలుతురుకు పట్టి చూస్తూ ఆమె ఏడ్చేసింది.

సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. రజాకార్లు మాయమయ్యారు. వీధుల్లో జెండాలు ఎగిరాయి. వాటి చాటున, దొరికిన తురకవాడి మీదల్లా కసి తీర్చుకునే గుంపులూ బయల్దేరాయి. ఒక మధ్యాహ్నం అలాంటి గుంపు చిలకలగూడ సందుల్లో కేకలేస్తూ పోయింది. జకర్యా గాఢనిద్రలో ఉన్నాడు.

సాయంత్రం డ్యూటీకి వెళ్తూ రైలుకట్ట పక్కన రషీద్ శవాన్ని చూశాడు.

ఆనాటి నుంచి అతనికి కన్ను మూతపడలేదు. గొట్టంలో మళ్ళీ ఇటుకరంగు.

"మన గల్లీలకెల్లే ఉరికిండంట మేబెల్. నా ఇంటికి ఎందుకు రాలే? నేను పరాయోణ్ణి అయిన్నా?"

"పరేషాన్ల తోచలేదేమో," మేబెల్ అతని మీద దుప్పటి సర్దింది. "వస్తే నేను తలుపు తియ్యనా?"

"నువ్వు తీస్తవు. నాకెరుకే." జకర్యా గోడవైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం రషీద్ "భాభీ, భాభీ" అని తలుపు కొడుతుంటే ఆమె గడియ తియ్యలేదు.