ఆకుపచ్చ తెర

"నీకు కళ్ళు పోయాయా, నెబోయ్షా?" క్యాంటీన్ గోడమీది తెరకేసి వేలు చూపించింది జోర్కా. "పొద్దుటినుంచి కంప్యూటర్లు చచ్చి పడున్నాయి. దింపుకునే దారి లేక గేటు దగ్గర ట్యాంకర్లలోనే పాలు విరిగి కంపు కొడుతున్నాయి. నీ తెర మాత్రం ఆకుపచ్చగా వెలుగుతూ అంతా బాగుందంటోంది!"

ఆ పాల డెయిరీలో ట్యాంకర్ల నుంచి పాలు దింపించుకునే పని జోర్కాది. కంప్యూటర్ల విభాగం పెద్ద నెబోయ్షా. ఏ యంత్రం ఎలా ఉందో అందరికీ తెలియాలని ఆ తెర పెట్టించింది అతనే.

"చెడిపోయిందని చూపించే ఎరుపు అందులో లేదక్కా," గొణిగాడు నెబోయ్షా.

"లేకపోవడమేంటి?"

"పెట్టాం. డైరెక్టర్ గారు తీయించేశారు. బెల్‌గ్రేడ్ హెడ్డాఫీసు వాళ్ళొచ్చి చూస్తే పరువు పోతుందన్నారు."

"అయితే తీసేస్తారా? మీకు నోళ్ళు లేవా? థూ, మీదీ ఒక బతుకేనా!"

తలుపు తెరుచుకుంది. డైరెక్టర్, ఆయన వెనకే సూట్లు వేసుకున్న ఇద్దరు అతిథులు. ఆయన తెర చూసి తృప్తిగా తలూపాడు.

"ఏం జోర్కా, పాలు బాగా దిగుతున్నాయా?"

నెబోయ్షా ఆమెకేసే చూస్తున్నాడు.

"దిగుతున్నాయండీ," అంది జోర్కా.

ఆ విరిగిన పాల కంపు ఈసారి తన నోట్లోంచే వచ్చినట్టనిపించింది ఆమెకి.