యాకోబు పాట

"ఆపు! గిది దేవుని పాటనా, కల్లు దుకాణంల కూతనా?"

పేతురు బుగ్గనున్న లవంగాన్ని పక్కకు నెట్టి మరీ అరిచాడు. గొంతుకు మంచిదని ఎప్పుడూ నములుతూనే ఉంటాడు. అరిచి ఊరుకున్నాడా, హార్మోనియం మూత దబ్బున మూశాడు. ప్రార్థన మందిరంలో ప్రాక్టీసు చేస్తున్న కొయిర్ మొత్తం తెరిచిన నోళ్లు తెరిచినట్టే ఉండిపోయింది.

"ఏం తప్పున్నదన్నా?" గిటారు మీద చెయ్యి ఆపి అడిగాడు యాకోబు.

"అంత తప్పే! సికింద్రాబాదుల ఇంగ్లీషు రికార్డులు విని, గా రాక్ దరువు తెచ్చి గీడ వాయిస్తవా?"

నిజం చెప్పాలంటే పాటలో తప్పేమీ లేదు. అదే పేతురు బాధ. గిటారు నింపాదిగా మొదలవుతుంది, నడుస్తుంది, ఉరుకుతుంది. ఇక ఆగదేమో అనుకున్నచోట టక్కున ఆగి, మళ్లీ మొదటి వరుసకే వచ్చి పడుతుంది. మానేస్తానని ఒట్టేసినవాడు మళ్లీ దుకాణం ముందు తేలినట్టు! సారా అన్న మాట పాట మొత్తంలో ఎక్కడా లేదు. అయినా విన్నవాళ్లందరికీ అర్థమైపోతుంది.

*పొద్దుగూకితె పిలుస్తవు, రానంటె చెయ్యి వణికిస్తవు,*
*లవంగం నమిలి దాస్త నిన్ను, ఇంట్ల మాత్రం దాగవు.*

ఆదివారం కోతల పండుగ. పాపన్నపేట వైపు నుంచి బండ్లు కట్టుకుని జనం వస్తారు. సారా మానుతామని ఆ రోజే అందరి ముందు నిలబడి ఒట్టు పెట్టుకుంటారు. ఆ ఒట్లకు ముందు పాడే పాట ఏటా పేతురుదే. ఈసారి మందిరం పాస్టరు అయ్యగారు దాన్ని యాకోబుకిచ్చారు. మీసమైనా సరిగా రాని యాకోబుకి!

అదైనా పేతురు ఓర్చుకునేవాడేమో. ఆయన భార్య సౌభాగ్యమ్మ కూడా కొయిర్‌లోనే ఉంది, ఆడవాళ్ల చాప మీద వెనగ్గా కూర్చుంటుంది. ఆ పొద్దున ఇంట్లో బియ్యం చెరుగుతూ అదే పాట కూనిరాగం తీసింది. ఆయన కట్టిన పాటల్లో ఒక్కటంటే ఒక్కటి ఆ నోట పలికిన పాపాన పోలేదు.

"గా పోరగాని పాట నీకెందుకే?" అని కసిరాడు.

"ఏమో, నోట్లకెళ్లి పోతలేదు," అంది ఆమె చేట దించకుండానే.

ఇక ఆయనకు అన్నం సహిస్తుందా? ఆ కడుపుమంటతోనే ప్రాక్టీసుకు వచ్చాడు.

కేకలు విని అయ్యగారు లోపలికి వచ్చారు. "ఏందయ్యా లొల్లి?"

"మీరే జర ఇచారం జేయుండ్రి అయ్యగారూ," అన్నాడు పేతురు. "చెయ్యి వణుకుడు, వాసన దాచుడు... తాగనోనికి గివన్ని ఎట్ల ఎరుక? గీ పిలగాడు చాటుకు తాగుతుండు. తాగెటోడు నిలవడి పాడితె, ఒట్టు వెట్టెటోళ్లు నవ్వరా?"

చాపల మీద గుసగుసలు మొదలయ్యాయి. అయ్యగారి ముఖం గంభీరమైంది.

"యాకోబూ, తాగుతవా?"

"లేదయ్యగారూ. ఒక్క చుక్క సుత ముట్టలె."

"మరి గీ మాటలు యాడికెళ్లి వచ్చినయి?"

యాకోబు తల దించుకున్నాడు. "దరువు నాది. మాటలు నాయి గావు."

"ఎవలియి?"

"చెప్పనని మాటిచ్చిన."

"సూసిండ్రా! పాట సుత దొంగదే!" పేతురు తొడ చరిచాడు.

అయ్యగారు యాకోబు వైపు తిరిగారు. "పేరు చెప్పు బిడ్డా. చెప్పకపోతే ఆదివారం పేతురే పాడ్తడు."

యాకోబు కళ్లలో నీళ్లు తిరిగాయి. గిటారును గోడకు ఆనించాడు. పేరు మాత్రం చెప్పలేదు.

పేతురు సంబరం చూడాలి! పండుగ రెండు రోజుల ముందే వచ్చినట్టుంది ఆయనకి. హార్మోనియం దగ్గరికి లాక్కున్నాడు, మూత తీశాడు. జేబులోంచి మరో లవంగం తీసి నోట్లో వేసుకుని, గొంతు సవరించుకున్నాడు.

అప్పుడు వెనక చాప మీది నుంచి సౌభాగ్యమ్మ లేచి నిలబడింది. కొంగు భుజం నిండా కప్పుకుంది.

"పిలగాన్ని ఏమనకుండ్రి అయ్యగారూ. గా మాటలు కట్టింది నేను."

అయ్యగారు ఆమె వైపు రెండడుగులు వేశారు.

"నువ్వా? అంటే... నువ్వు తాగుతవా అమ్మా?"

"అయ్యో, నేనెందుకు తాగుత అయ్యగారూ," అంది సౌభాగ్యమ్మ, భర్త వైపు చూడకుండానే. "మా ఇంట్ల లవంగాలు కొనేది నేను."